90 టన్నుల లెక్క తొలి ఎపిసోడ్‌లోనే మొదలవ్వాలి

దోపిడీ సీరియల్ కొత్త సీజన్ దిగిన రోజు నెల్లూరు ట్రంకు రోడ్డు టీ బంకుల దగ్గర విన్నా, ఒంగోలు కర్నూలు రోడ్డు పక్క హాస్టల్ గదుల్లో విన్నా ఒకే మాట వినిపిస్తుంది. "ఏందిరా ఇది, గంట చూసినా ఇంకా లోపలికే పోలా." తొలి ఎపిసోడ్ బాగుందా లేదా అనే తీర్పు ఆ ఒక్క కొలత మీదే తేలిపోతుంది: తలుపు ఎంత తొందరగా బద్దలయింది, తుపాకి ఎన్నో నిమిషంలో పేలింది.

ఆ కొలత తప్పని నా వాదన. దోపిడీ కథలో సీజన్ తొలి ఎపిసోడ్ ఒక ప్రోనోటు. అప్పు ఎంత, ఎవరు ఎవరికి రాసిచ్చారు, వాయిదా ఎప్పుడు, హామీ ఎవరు, ఇవన్నీ అందులో ఉండాలి. చివరి ఎపిసోడ్‌లో తీర్చాల్సింది ఆ నోటు మీది బాకీనే. నోటు చదవకుండా సంతకం అందంగా ఉందా అని చూసేవాడు తర్వాత మోసపోయానని ఏడవడం మన ఊళ్ళలో కొత్తేమీ కాదు. సీరియల్ విషయంలోనూ అదే జరుగుతోంది. తొలి ఎపిసోడ్ "స్లో" అని తిట్టినవాళ్ళే చివరికొచ్చేసరికి "ఇది ఎట్టా కుదురుద్ది" అని జుట్టు పీక్కుంటున్నారు.

అందరూ చూసిన 'మనీ హైస్ట్'నే ఉదాహరణగా తీసుకుంటాను. ప్రొఫెసర్ అనే నాయకుడి ముఠా మొదటి రెండు పార్టుల్లో నోట్లు అచ్చేసే మాడ్రిడ్ టంకశాల మీద, మూడో పార్టు నుంచి బ్యాంక్ ఆఫ్ స్పెయిన్‌లోని 90 టన్నుల బంగారం మీద పడే కథ ఇది. స్పెయిన్‌లో 2017 మే 2న ఆంటెనా 3 ఛానల్లో మొదలై, నెట్‌ఫ్లిక్స్ చేతికి వెళ్ళి, 2021లో తెలుగు మాటలతో మన ఇళ్ళలోకి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 3న ముగిసింది. చివరి సంగతులు కూడా దాచకుండా రాస్తున్నాను కాబట్టి, ఇంకా చూడనివాళ్ళు చూశాకే చదవండి.

ముందు ఒక పొరపాటు సరిచేసుకోవాలి. 'మనీ హైస్ట్' మొదటి ఎపిసోడ్ అని మనం చెప్పుకునేది, దాన్ని తీసిన ఆలెక్స్ పినా బృందం టీవీకి ఇచ్చిన మొదటి ఎపిసోడ్ కాదు. స్పెయిన్ టీవీలో మొదటి దోపిడీ కథ మొత్తం 15 ఎపిసోడ్లు, ఒక్కోటి సుమారు 70 నిమిషాలు. నెట్‌ఫ్లిక్స్ దాన్ని మళ్ళీ కోసి 22 ముక్కలు చేసింది, మొదటి పార్టుకు 13, రెండో పార్టుకు 9. ఎపిసోడ్ ఆగే చోటు మారిందంటే ఊపిరి బిగబట్టే చోటు మారినట్టే. "మొదటి ఎపిసోడ్‌ను భలే చోట ఆపాడ్రా" అని మెచ్చుకున్నా, "అక్కడ ఆపడమేంది" అని విసుక్కున్నా, ఆ పొగడ్తా తిట్టూ కథ రాసినవాళ్ళకు చెందవు, కత్తెర పట్టినవాళ్ళకు చెందుతాయి. మూడో పార్టు నుంచి మాత్రం నెట్‌ఫ్లిక్స్ కోసమే రాసి తీశారు. అందుకే సీజన్ తొలి ఎపిసోడ్ గురించి నిజాయితీగా వాదించాలంటే 2019 జులై 19న వచ్చిన మూడో పార్టు తొలి ఎపిసోడ్ సరైన సరుకు. దాని దగ్గరికి వస్తాను.

ఇంకో సంగతి. ఆంటెనా 3లో మొదటి రోజు 40 లక్షల మందికి పైగా చూశారు. ముగింపు నాటికి అందులో సగం కూడా మిగల్లేదు. కథ చచ్చిపోయిందనే అనుకున్నారు. అదే కథ తర్వాత 2018లో అంతర్జాతీయ ఎమ్మీ గెలిచింది. కాబట్టి తొలిరోజు జనం ఎగబడ్డారా లేదా అన్నది తొలి ఎపిసోడ్ నాణ్యతకు సాక్ష్యం కాదు. ఆ సాక్ష్యం ఎపిసోడ్ లోపలే వెతకాలి.

లోపల ఏం వెతకాలి? మొట్టమొదట, ప్లాను ఎట్లా చెబుతున్నారో చూడాలి. దోపిడీ కథలకు పాతకాలం నుంచీ ఒక కట్టుబాటు ఉంది. ప్రేక్షకుడికి ముందే పూసగుచ్చినట్టు చెప్పిన ప్లాను చెడిపోతుంది. చెప్పకుండా దాచిన ప్లాను నెగ్గుతుంది. కారణం తేలికే: చెప్పింది చెప్పినట్టు జరిగితే ఒకే సంగతి రెండుసార్లు చూసినట్టుంటుంది. కాబట్టి తొలి ఎపిసోడ్‌లో ఎవరైనా బల్ల మీద మ్యాపు పరిచి "11 గంటలకు కాపలావాడు మారతాడు, నువ్వు ఈ మెట్ల మీదుగా రా" అని వివరంగా చెబుతుంటే, ఆ రోజు 11కు కాపలావాడు మారడని రాసిపెట్టుకోవచ్చు. చెప్పీ చెప్పనట్టు ఒక్క ముక్క అని కెమెరా పక్కకు తిరిగిందా, ఆ ముక్కే చివరికి గట్టెక్కిస్తుంది.

'మనీ హైస్ట్' ఈ రెండూ కాకుండా మూడో దారి పట్టింది. టోలెడో దగ్గర ఒక పాత బంగళాలో ముఠాకు ప్రొఫెసర్ అయిదు నెలలు చెప్పే పాఠాలు, నల్లబల్ల, బెంచీలు. ఆ పాఠాన్ని ముందే మొత్తం చూపించరు. లోపల చిక్కు ఎదురైన క్షణంలోనే, దానికి సంబంధించిన పాఠం ముక్క కోసి పెడతారు. ఈ పద్ధతికి గొప్ప బలం ఉంది. ప్లానూ, అమలూ పక్కపక్కనే నడుస్తాయి, ఎక్కడ పట్టు తప్పిందో చూసేవాడికి వెంటనే తెలుస్తుంది. అంతే పెద్ద బలహీనతా ఉంది. ఏ చిక్కు వచ్చినా "ప్రొఫెసర్ ఇది ఎప్పుడో ఊహించాడు" అని ఒక పాఠం ముక్క అతికించి బయటపడొచ్చు. మొదటి రెండు పార్టుల్లో దాన్ని పొదుపుగా వాడారు. తర్వాత తర్వాత చేయి జారింది. బాకీ తీర్చమంటే పాత తేదీ వేసి కొత్త నోటు రాసి ఇవ్వడం ఇట్లాంటిదే.

మోసం జరిగిందా లేదా అని తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. చివర గట్టెక్కించిన వస్తువు అంతకుముందు మన కళ్ళ ముందు ఒక్కసారైనా కనబడిందా? 2021 జనవరి 8న వచ్చిన ఫ్రెంచి సీరియల్ 'లుపిన్' తొలి ఎపిసోడ్ ఈ పరీక్షలో నూటికి నూరు తెచ్చుకుంటుంది. హీరో లూవ్ర్ మ్యూజియంలో ఊడ్చే పనివాడిగా చేరతాడు. చెత్త తీసే పని అతనిదని మొదటి నుంచీ చూస్తూనే ఉంటాం. నెక్లెసు బయటికి వచ్చిన దారి చివర్లో తెలిసినప్పుడు మనకు కొత్త వస్తువు ఏదీ చూపించరు, చూసినదాన్నే ఇంకో వైపు నుంచి చూపిస్తారు. దాచడం వేరు, అబద్ధమాడటం వేరు. దాచినదాన్ని వెనక్కి తిప్పి చూస్తే దొరకాలి.

రెండోది తూకం. మనవాళ్ళు తొలి ఎపిసోడ్‌లో దీన్ని అసలు పట్టించుకోవడం లేదని నా ప్రధాన ఫిర్యాదు. అదీ రొయ్యల సొమ్ము సంచుల్లో మోసిన నెల్లూరు వాళ్ళు, పొగాకు బేళ్ళు తూకం వేసి అమ్మే ఒంగోలు వాళ్ళు పట్టించుకోకపోతే ఇంకెవరు పట్టించుకుంటారు?

కాగితం దగ్గర మొదలుపెడదాం. మన 500 నోటు గ్రాము పైచిలుకు బరువుంటుంది. కోటి రూపాయలంటే 20,000 నోట్లు, 200 కట్టలు. ఇరవై కిలోలు దాటిపోతుంది. అయిదు కోట్ల సూట్‌కేసును ఒంటిచేత్తో ఊపుకుంటూ పోయే హీరోను చూస్తే ఆ సూట్‌కేసులో నూరు కిలోలకు పైగా ఉందని గుర్తు తెచ్చుకోండి. బియ్యం బస్తా ఎత్తిన భుజానికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మాడ్రిడ్ టంకశాల. ప్రొఫెసర్ అనుకున్నది 11 రోజుల్లో 240 కోట్ల యూరోలు. బయటికి తెచ్చింది 128 గంటల్లో 98 కోట్ల 40 లక్షల యూరోలు. అన్నీ 50 యూరోల నోట్లు అనుకుంటే 1 కోటి 96 లక్షల 80 వేల కాగితాలు. 50 యూరోల నోటు 140 మి.మీ. పొడవు, 77 మి.మీ. వెడల్పు, బరువు గ్రాముకు కాస్త తక్కువ. మొత్తం సుమారు 18 టన్నులు. పెన్నా ఇసుక తోలే ట్రాక్టరు ట్రక్కులో రమారమి నాలుగున్నర టన్నులు పడుతుందనుకుంటే బరువు ప్రకారం నాలుగు ట్రక్కులు. కానీ కాగితం చోటు తింటుంది. కట్టలు ఎంత బిగించినా 23 ఘనపు మీటర్లకు తగ్గదు. మూడు ఘనపు మీటర్ల ట్రక్కుకు ఎనిమిది లోడ్లు. 20 కిలోల సంచులు కడితే 900 సంచులు. సొరంగంలో చేతులు మార్చుకుంటూ అర నిమిషానికి ఒకటి అందించినా ఏడున్నర గంటలు. ఒక రాత్రి పని. కష్టమే, కానీ జరిగే పనే.

అచ్చు వేగం కూడా లెక్కకు నిలుస్తుంది. 128 గంటల్లో అన్ని నోట్లంటే గంటకు లక్షన్నర పైన. షీటుకు 40 నోట్లు అనుకున్నా గంటకు నాలుగు వేల షీట్ల లోపు. నోట్లు అచ్చేసే పెద్ద యంత్రాలు గంటకు పదివేల షీట్ల దాకా లాగుతాయి. చిక్కు యంత్రం వేగంలో లేదు, సిరా ఆరడంలో ఉంది. నోటు మీద చేత్తో తడిమితే గరుకుగా తగిలే గీతలు లోతుగా చెక్కిన పలక నుంచి మందపాటి సిరాతో దిగుతాయి. ఒక వైపు ఆరకుండా రెండో వైపు వేస్తే కింది షీటుకు అంటుకుంటుంది. ఆ తర్వాత నంబర్లు, కోత, లెక్క. సీరియల్ సిరా ఆరే సమయం గురించి తొందరపడిందని నా అభిప్రాయం. అయినా మొదటి కథ ప్రోనోటు మీది అంకెకూ చివర్లో చెల్లించిన అంకెకూ మధ్య పొంతన ఉంది. అనుకున్నదానిలో సగం కూడా రాలేదని ఒప్పుకుంది. ఆ ఒప్పుకోలే దానికి మర్యాద తెచ్చింది.

ఇక మూడో పార్టు తొలి ఎపిసోడ్. "బీచీలో తిరగడమే సరిపోయింది" అని దీన్ని కొట్టిపారేసినవాళ్ళు చాలామంది. నాకైతే అది సీరియల్ మొత్తంలో బాగా కట్టిన ఎపిసోడ్లలో ఒకటి. ఏం జరిగింది? ముఠాలోని ప్రేమజంట టోక్యో, రియో (ముఠాలో అందరివీ ఊళ్ళ పేర్లే) కరీబియన్ దీవిలో దాక్కుని ఉంటారు. టోక్యోకు ఆ ప్రశాంతత విసుగు పుట్టి కొన్నాళ్ళు బయటికి వెళ్తానంటుంది. విడిగా ఉన్నప్పుడు మాట్లాడుకోవడానికి శాటిలైట్ ఫోన్ల జత. ఆ ఫోన్ల వల్లే పోలీసులకు జాడ దొరికి రియో పట్టుబడతాడు. అతన్ని విడిపించుకోవడానికే ముఠా మళ్ళీ కలిసి బ్యాంక్ ఆఫ్ స్పెయిన్ మీద పడుతుంది.

దీన్ని "చిన్న కారణం" అని తీసిపారేయడం తప్పు. శాటిలైట్ ఫోన్ ఏ టవరుకూ తగలదు కాబట్టి దొరకదనే నమ్మకం జనంలో గట్టిగా ఉంది. అసలు సంగతి తలకిందులు. ఆ మాట ఆకాశం నుంచి వందల కిలోమీటర్ల మేర నేల మీదికి దిగుతుంది. వినే యంత్రం ఉన్నవాడికి అది ఊరి మధ్య మైకులాంటిది. పైగా జనం లేని దీవిలో అట్లాంటి ఫోను మోగితే, అమావాస్య రాత్రి చేలో ఒకే ఒక్క దీపం వెలిగినట్టు. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్ పెట్టుకోవడమే నేరం, దాని మీద నిఘా అంత గట్టిగా ఉంటుంది. బతికే ప్లానును చెడగొట్టింది పోలీసుల తెలివి కాదు, ఇద్దరు ప్రేమికుల ఒంటరితనం. ఒక సీజన్ మొత్తాన్ని మోయగల కారణం అది.

రెండో గట్టి పని ముఠాలోని బెర్లిన్‌తో చేశారు. రెండో పార్టు చివర చచ్చిపోయినవాడు మూడో పార్టు తొలి ఎపిసోడ్‌లో పాత రోజుల సన్నివేశాల్లో కనబడగానే "చచ్చినోడు మళ్ళీ ఎట్టా వచ్చాడు, ఫ్యాన్స్ కోసం పెట్టార్లే" అన్నారు. కొంత నిజమే కావచ్చు. కథకు దానివల్ల వచ్చిన లాభం వేరే ఉంది. బ్యాంక్ ఆఫ్ స్పెయిన్ ప్లాను బెర్లిన్‌దీ, అతని స్నేహితుడు పలెర్మోదీ. ప్రొఫెసర్ అప్పట్లో దాన్ని ఒప్పుకోలేదు. అంటే ఇప్పుడు నాయకుడు తనది కాని ప్లానును, తాను నమ్మని ప్లానును, దాన్ని గీసినవాడు చచ్చిపోయాక అమలు చేయాలి. ఎక్కడైనా సందేహం వస్తే అడగడానికి మనిషి లేడు. తాత రాసిన వీలునామాలో ఒక పదం చెరిగిపోతే మనవళ్ళు పడే అవస్థ.

మూడోది నోట్ల వాన. మాడ్రిడ్ మీద గాలి ఓడల నుంచి 14 కోట్ల యూరోలు కురిపిస్తారు. జనం రోడ్ల మీదికి ఎగబడతారు, ఆ గందరగోళమే ముఠాకు తెర. ఇక్కడ కూడా తూకం వేసి చూడండి. 50 యూరోల నోట్లయితే 28 లక్షల కాగితాలు, 2,600 కిలోలు. ఒక ఘనపు మీటరు హీలియం రమారమి ఒక కిలో ఎత్తుతుంది. అంటే ఓడ సొంత బరువు పోను ఇంకో 2,600 ఘనపు మీటర్ల వాయువు. ప్రకటనల కోసం ఎగరేసే పెద్ద ఓడలే వేల ఘనపు మీటర్లవి ఉంటాయి. ఒకటికి మించి వాడితే లెక్క కుదురుతుంది. చూడటానికి అన్నిటికంటే నమ్మశక్యం కాని సన్నివేశం తూకంలో నిలబడింది. "ఇది టూ మచ్" అని నవ్వినవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

కాబట్టి ఆ తొలి ఎపిసోడ్ రాసిచ్చిన నోటు ఇది: కారణం రియో, ప్లాను చచ్చినవాడిది, సొమ్ము బంగారం. రియో బాకీ తీరింది. చచ్చినవాడి ప్లాను ఎక్కడెక్కడ తప్పిందో చూపించారు. బంగారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు మూసుకుని కూర్చోలేను.

అంతకుముందు, చూడటం గురించి పనికొచ్చే నాలుగు ముక్కలు. నెట్‌ఫ్లిక్స్ కొత్త సీజన్లు మామూలుగా అమెరికా పశ్చిమ తీరంలో అర్ధరాత్రికి విడుదలవుతాయి. మనకు అది వేసవిలో మధ్యాహ్నం 12:30, చలికాలంలో 1:30. 'మనీ హైస్ట్' చివరి పార్టు మొదటి సగం 2021 సెప్టెంబరు 3న 12:30కి వచ్చింది, రెండో సగం డిసెంబరు 3న 1:30కి వచ్చింది. ముందు రోజు రాత్రి మేలుకుని కూర్చోవడం వృథా. ఫోన్లో చూసేవాళ్ళు డేటా సెట్టింగు మధ్యస్థంలో పెడితే గంటకు 0.7 జీబీ దాకా అవుతుంది, రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకులో రెండు గంటలు వస్తుంది. హెచ్‌డీలో ఒక్క గంటకే మూడు జీబీ దాకా పోవచ్చు. వైఫై దగ్గర డౌన్‌లోడ్ చేసుకోవడం మేలు.

మొదటిసారి ఆపకుండా చూడండి. రెండోసారి కాగితం పెన్ను పెట్టుకుని చూడండి. రాసుకోవాల్సినవి ఎక్కువ లేవు. లోపలికి ఎంతమంది వెళ్ళారు, ఎన్ని దారులు కనబడ్డాయి, మోయాల్సింది ఎంత, గడువు ఎంత, ఏ సంగతి ఎవరికి తెలుసు. చివరిది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే దోపిడీ కథల్లో నూటికి తొంభై చిక్కులు ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకపోవడం వల్లే పుడతాయి. మనుషుల లెక్క విడవకండి. టంకశాలలో బందీలు 67 మంది. ఆ అంకె గుర్తుంటే ఎవరు ఎక్కడ కనబడటం లేదో ముందే పసిగట్టొచ్చు.

తెలుగులో చూడాలా స్పానిష్‌లో చూడాలా అనే గొడవ ఎప్పుడూ ఉండేదే. తెలుగులో చూడటం తక్కువేమీ కాదు. ఒక్క చోట మాత్రం చెవి పెట్టండి: "నువ్వు", "మీరు". స్పానిష్‌లోనూ ఈ తేడా ఉంది, ఇంగ్లిషులో లేదు. ఇన్‌స్పెక్టర్ రాకెల్, ప్రొఫెసర్ ఫోన్లో బేరమాడుతున్నప్పుడు ఎవరు ఎవరిని ఏమంటున్నారు, ఎప్పుడు "మీరు" జారి "నువ్వు" అయింది అన్నది ప్రేమకథ సగం చెప్పేస్తుంది. ఇంగ్లిషు డబ్బింగులో చూసి, ఇంగ్లిషు సబ్‌టైటిళ్ళు చదివి వాదించేవాళ్ళకు ఈ ముక్క అందదు.

ఇప్పుడు బంగారం. సీరియల్ చెప్పిన అంకె 90 టన్నులు. స్పెయిన్ దేశపు మొత్తం బంగారు నిల్వ 281 టన్నుల పైచిలుకు కాబట్టి అంకెలో అతిశయం లేదు. మాడ్రిడ్ సిబేలెస్ కూడలిలోని అసలు బ్యాంకులో బంగారు గది నేలకు 35 మీటర్ల అడుగున ఉంటుంది. సీరియల్లో ఆ గదిని బద్దలు కొడితే నీళ్ళు నిండుతాయి. దిగి తీసి, కరిగించి, గుళికలు చేసి, గొట్టాల్లో బయటికి పంపి, మళ్ళీ కడ్డీలు పోస్తారు.

బంగారం నీటికంటే 19.3 రెట్లు బరువు. 90 టన్నులు 4.7 ఘనపు మీటర్ల లోపే పడుతుంది, చోటు ప్రకారం ట్రాక్టరు ట్రక్కున్నర. బరువు ప్రకారం ఇరవై ట్రక్కులు. కాగితం కథకు ఇది సరిగ్గా తలకిందులు, ఈ ఒక్క తేడా మీదే ఒక ఎపిసోడ్ నడపొచ్చు. బ్యాంకుల్లో ఉండే కడ్డీ పన్నెండున్నర కిలోలు. అంటే 7,200 కడ్డీలు. నీళ్ళలో ఒక్కోటి 11.85 కిలోలు తూగుతుంది, నీరు మోసిపెట్టేది అంతే. నిమిషానికి ఒకటి చొప్పున నిద్రాహారాలు లేకుండా అందిస్తే 120 గంటలు, అయిదు రోజులు.

కరిగించడానికి కరెంటు చాలదని వాదించేవాళ్ళున్నారు. అది తప్పు. బంగారం 1064 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కానీ వేడిని తక్కువే తాగుతుంది. 90 టన్నులు కరగడానికి లెక్క ప్రకారం 5,000 యూనిట్లు, అంటే 5 హెచ్‌పీ బోరు మోటారు దాదాపు రెండు నెలలు ఆగకుండా తిరిగితే కాలేంత. వృథా కలిపి రెండింతలు వేసుకున్నా పెద్ద బ్యాంకు కనెక్షన్‌కు అది భారం కాదు. అసలు ప్రమాదం తడి. నెల్లూరు ఆచారి వీధిలో పనిచేసే ఏ కుర్రాడినైనా అడగండి, వెలిగారం వేసి మూసలో బంగారం కరిగించాక అచ్చును ముందు వేడిచేసి ఎందుకు పోస్తారని. అచ్చులో ఒక్క నీటిబొట్టు ఉన్నా కరిగిన లోహం కింద ఆవిరై పైకి చిమ్ముతుంది, ముఖం మీద పడుతుంది. నీళ్ళు నిండిన గది నుంచి తెచ్చిన కడ్డీని తుడిచి ఆరబెట్టకుండా కరిగిన బంగారంలో వేస్తే మూస పేలినంత పనవుతుంది. 7,200 కడ్డీలు ఆరబెట్టాలి. ఆ సమయం ఏ పాఠంలోనూ లెక్కకు రాలేదు.

తరుగు సంగతీ అంతే. మూసకు అంటింది, నేల మీద చిందింది, గొట్టాల్లో నిలిచింది కలిపి వెయ్యిలో ఒక వంతు పోయినా 90 కిలోలు. మన బజారుల్లో బంగారపు దుకాణాల ముందు మట్టి ఊడ్చుకుపోయి కడిగి రేణువులు తీసేవాళ్ళున్నారు. ఆ లోకానికి 90 కిలోల తరుగు చూపించకుండా కథ చెప్పడం అన్యాయం.

గొట్టం ఇంకా పెద్ద చిక్కు. కరిగిన బంగారాన్ని సన్నధారగా నీళ్ళలో పోస్తే గుళికలు కావడం నిజమైన పద్ధతే. ఆ గుళికలు నీళ్ళతో పాటు కదలాలంటే? మూడు మిల్లీమీటర్ల బంగారు గుళిక నిలకడ నీళ్ళలో సెకనుకు మీటరు పైన దిగిపోతుంది, అంతే సైజు ఇసుక రేణువుకు మూడు నాలుగు రెట్ల వేగం. పైకి ఎక్కే గొట్టంలో నీరు అంతకంటే బాగా జోరుగా పోవాలి, లేదంటే గుళికలు మొదటి వంపులోనే కుప్పపడతాయి. ప్రకాశం జిల్లాలో బోర్లు వేయించిన రైతుకు ఇది తెలిసిన బాధే. కంప్రెసర్ గాలి చాలకపోతే రాతిపొడి పైకి రాదు, అడుగున చేరి రాడ్డును పట్టేస్తుంది. రాతిపొడికే ఆ గతి, బంగారం దానికి ఏడు రెట్ల బరువు. గొట్టం పూడుకుపోవడం, దాన్ని విడదీయడం, అందులో ఒక మనిషి ఇరుక్కోవడం, ఇన్ని ఎపిసోడ్ల సరుకు చేతిలో ఉండి వదిలేశారు.

అన్నిటికీ మించి ముగింపు. ప్రభుత్వానికి తిరిగి అప్పజెప్పినవి పైన బంగారు పూత వేసిన ఇత్తడి కడ్డీలు. కడ్డీలు చేరాయన్న వార్త చూసి మార్కెట్లు తేరుకుంటాయి, అవి ఇత్తడని తెలిసినా ప్రభుత్వం బయటికి చెప్పలేదు. ఆలోచనగా అది చాలా గొప్పది. దేశపు పరపతి లోహంలో లేదు, నమ్మకంలో ఉందన్న మాట. కానీ వస్తువుగా? ఇత్తడి నీటికి ఎనిమిదిన్నర రెట్లు. అదే సైజు కడ్డీ అయిదున్నర కిలోలే తూగుతుంది. 90 టన్నుల చోటులో 40 టన్నులు. మోసిన సైనికుడి చేతికి తెలియాలి, తెచ్చిన లారీ కమాన్లు వంగిన తీరుకు తెలియాలి. నెల్లూరు హైవే మీద ఓవర్‌లోడు బండిని దూరం నుంచే పోల్చే బ్రేకు ఇన్‌స్పెక్టరుకైతే తూకం కూడా అక్కర్లేదు.

టంగ్‌స్టన్ అని ఒక లోహం ఉంది, బరువు దాదాపు సరిగ్గా బంగారమంతే. నకిలీ కడ్డీల్లో వాడేది దాన్నే. అది 3,400 డిగ్రీలు దాటితే గానీ కరగదు కాబట్టి పోత పోయడం కుదరదు, ముందే కోసి తెచ్చుకోవాలి. మూడో పార్టు తొలి ఎపిసోడ్‌లో పాత రోజుల సన్నివేశాలు జరిగే ఫ్లోరెన్సు మఠంలో బెర్లిన్ నోట "బరువు కలిసే లోహం ఒకటుంది, సంపాదించడానికి ఏడాది పడుతుంది" అని ఒక్క వాక్యం అనిపించి ఉంటే చాలు. రెండేళ్ళ తర్వాత వచ్చిన చివరి ఎపిసోడ్‌లో 7,200 కడ్డీలూ వాటి బరువుతోనే నిలబడేవి.